కిరండూల్ గాలిని కొలిచిన రోజు

మా అక్క ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో, రైల్వే క్వార్టర్లలో ఉంటుంది. మార్చి వచ్చిందంటే దగ్గు పట్టుకుంటుంది. గని ఎర్రదుమ్మే కారణమని బావ ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ పెట్టబోతున్నాడు. అక్కకు ఆ ఊరు వదలడం ఇష్టం లేదు. ఏదో ఒకటి తేల్చుకోవాలని, గాలిలో సన్నటి ధూళిని కొలిచే చేతి మీటర్ ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరాను.

జగదల్‌పూర్‌లో ఏడింటికి బస్సెక్కితే గీదం చేరేసరికి తొమ్మిదిన్నర. కూడలిలో లారీల మధ్య మీటర్ తెరిచాను. అంకె కుదురుగా నిలవలేదు, నాకూ కాలు నిలవలేదు. టీ సగంలో వదిలేసి కిరండూల్ జీపెక్కాను. సీటుకు నూరు రూపాయలు. డ్రైవర్ రాజయ్య కుంట ఊరి వైపు తెలుగు మనిషి.

"ఏంది సార్ అది, జ్వరం చూసేదా?" అన్నాడు.

"గాలిని చూసేది."

దంతెవాడ దాటాక అడవి అంచున పొగ కమ్మింది. అంకె గీదంలోకంటే రెట్టింపైంది. ఇక్కడ లారీలు కూడా లేవే అన్నాను.

"ఇప్పపూల రోజులు గద. చెట్టుకింద ఆకులు కాలబెడ్తరు. లేకుంటే పువ్వు ఏడ కనబడ్తది?" అన్నాడు రాజయ్య.

ఒంటిగంటకు ఇల్లు చేరాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి, గడపల మీద ఎర్రటి దుమ్ము. "ముందు అన్నం తినరా," అంది అక్క. కూర్చోలేకపోయాను. పెరట్లో కొలిస్తే అడవి దగ్గరకంటే తక్కువే. తలుపులు మూసిన వెనక వసారాలో మాత్రం ఆ రోజంతా ఎక్కడా చూడనంత పెద్ద అంకె వచ్చింది. మీటర్ పాడైందనుకుని బయటికి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి చూశాను. అదే అంకె. మూలన కట్టెలపొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి.

"దుమ్ము వస్తాదని మార్చి నుంచీ తలుపులన్నీ మూసీసి, ఇక్కడే నీళ్ళు కాస్తన్నాను రా," అంది అక్క.

నాలుగింటికి బావ డ్యూటీ నుంచి వచ్చాక పొయ్యిని పెరట్లోకి మార్చి తలుపులు తీశాం. గంటలో అంకె బాగా దిగింది, కానీ అడవి పొగ, ఎర్రదుమ్ము ఇంకా ఉన్నాయి. "అర్జీ ఆపి ఈ ఎండాకాలం చూద్దాంలే," అన్నాడు బావ. అక్క ఆ సాయంత్రం కూడా దగ్గింది. రెండు వారాల తర్వాత ఫోన్ చేస్తే దగ్గు తగ్గిందంది, పూర్తిగా పోలేదంది.

ఒక్క దోషిని పట్టుకుందామని వెళ్ళి, మా అక్క భయంతో మూసిన తలుపుల్ని చూసి వచ్చాను. ఆ దిగులు ఇంకా పోలేదు. మీరూ మీటర్ పట్టుకుని వెళితే రోడ్డు దగ్గర ఆగిపోకండి. పొయ్యి వెలిగి ఉన్న వేళలోనే, ఇంట్లో మనిషి ఎక్కువసేపు కూర్చునే చోట పది నిమిషాలు ఉంచి చూడండి.