సూదిలో దారం ఎక్కిన ఇల్లు

కూతురు తల్లిని ఇంట్లో ఉండనివ్వడం లేదనీ, పాపం పెద్దావిడ అద్దెవాటా వెతుక్కుంటోందనీ వీధంతా గుసగుసలు. ఆసుపత్రి కుట్టుగదిలో దుప్పట్లూ గౌన్లూ కుట్టి రిటైరైన ఆవిడ మాత్రం ఏ ఇల్లు చూపించినా నేరుగా కిటికీ దగ్గరికి నడిచి, జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, కళ్ళజోడు లేకుండా దారం ఎక్కించి చూసేది. వెలుగు చాలకపోతే వెంటనే బయటికొచ్చేసేది.

“బాత్రూమైనా చూడవేంటమ్మా?” అంది కూతురు.

“అందులో కూర్చుని కుట్టనుగా.”

పక్కవీధి వాటాలో దారం ఒక్కసారికే ఎక్కింది. ఆవిడ నడుం నిటారుగా చేసి, “మిషను ఇక్కడ పెట్టించవే. ఇంకా బోలెడు కుట్టాలి,” అంది. ఆ వాటా యజమానుల వైపు కూతురు గర్వంగా చూసింది.

ఆవిడ మొట్టమొదట సూది తీసింది కూతురింట్లో, తనకోసం కొత్తగా రంగులు వేయించిన గదిలోనే. అక్కడ దారం ఎక్కలేదు.