తాయారమ్మ గారి వసారాలో బల్బు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయినా, తిరువూరు శాఖా గ్రంథాలయంలో సైన్సు బీరువాలోని పుస్తకాలన్నీ వరసగా తిరగేసినవాణ్ణి. కొరివి దయ్యం అంటే ఏ వాయువు మండితే అలా కనిపిస్తుందో, మా బట్టల కొట్టుకు వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మరీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం అలా విడమరచి చెప్పలేని సంగతి.

డెబ్బైల నడిమి సంవత్సరాలు. తిరువూరు పెరుగుతోంది. బెజవాడ రోడ్డు పొడుగునా కొత్త ఇళ్ళు, రైసు మిల్లులు లేచాయి. సాయంత్రమయ్యేసరికి బల్బులో తీగ ఎర్రగా కనబడేదే తప్ప వెలుతురు ఉండేది కాదు. పొలాల్లో మోటార్లు కాలిపోయేవి. అందుకని ఊరి బయట కొత్త సబ్‌స్టేషను కట్టాలనీ, దానికి పెద్ద టవర్ల లైను వేయాలనీ సర్వే మొదలైంది. రైతులకు నచ్చజెప్పడానికి ఊరివాడొకడు కావాలంటే నేనే వెళ్ళి నిలబడ్డాను. కరెంటు గురించి పుస్తకం చదివానన్న ధీమా అది.

ఎ.కొండూరు వైపు తాయారమ్మ గారి మామిడితోట ఉండేది. భర్త పోయాక ఆ తోటలోనే తాటాకింట్లో ఒక్కరే ఉండేవారు. ఆయన పోయింది పాము కరిచి. చీకటి పడ్డాక వసారా మెట్టు దిగుతూ దాని మీద కాలు వేశాడు.

లైను ఆ తోట మీదుగా పోవాలి. పదకొండు కాపు చెట్లు కొట్టేయాలి. ఆవిడ అభ్యంతరం రాసిస్తే పక్క మెట్టలోంచి మళ్ళిస్తామని లైను పని చూసే ఓవర్సీరు నాతో ముందే చెప్పాడు. ఆ మాట నేను ఆవిడకు చెప్పలేదు.

“చెట్లు కొట్టించుకుంటే నాకేంటయ్యా లాభం, పుస్తకాల పంతులూ?” అన్నారు.

“కరెంటండి పిన్నిగారూ! తీగలు మీ తోట మీదుగానేగా పోయేది. ఊళ్ళోవాళ్ళ కంటే ముందు మీ వసారాలోనే వెలుగుద్ది.”

“మెట్టు కనపడుద్దా?”

“మెట్టేంటండీ, మెట్టు మీద చీమ కూడా కనపడుద్ది.”

ఆవిడ చెట్ల వంక చూసి, ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశారు.

చెట్లు కొట్టేశారు. టవరు లేచింది, తీగలు లాగారు. ఈలోగా ఆవిడ బస్సెక్కి బెజవాడ వెళ్ళి బల్బు కొని, తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. లైన్‌మన్ కోటయ్యను బతిమాలి వసారా దూలానికి హోల్డరు బిగించుకున్నారు. దాని వైరు కొసలు రెండూ గోడ పక్కన ఊరికే వేలాడుతుండేవి, రేపో మాపో ఎవరో వచ్చి తగిలిస్తారని.

ఆ సంగతి నేను టీ కొట్టు దగ్గర గొప్పగా చెబితే ఓవర్సీరు నవ్వాడు.

“ఆ లైనులోంచి ఇంటికి ఎట్టా ఇస్తారయ్యా? బల్బు కాదు, ఇల్లే మాడిపోద్ది. అది సబ్‌స్టేషనుకు పోయి, అక్కడ వోల్టేజి తగ్గి, మళ్ళీ చిన్న స్తంభాల మీద రావాలి. ఆ తోటకు స్తంభాలేవీ?”

ఇదంతా నేను చదివిన పుస్తకంలోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ల అధ్యాయంలో లెక్కలు ఎక్కువగా ఉన్నాయని పేజీలు తిప్పేశాను.

రెండు వారాలు ఆ దారిన వెళ్ళలేదు. చివరికి, నిజం చెప్పేద్దామని కోటయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాను. సాయంత్రం నాలుగున్నర దాటి ఉంటుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. బయట ఎండ ఉన్నా తాటాకు చూరు కింద వసారా మసకగా ఉంది. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. తాగి, గ్లాసు కింద పెట్టి, “పిన్నిగారూ, ఆ కరెంటు సంగతి...” అన్నాను.

బల్బు వెలిగింది.

మిణుకు లేదు. నిండైన పసుపు వెలుగు. మా ముగ్గురి నీడలూ నేల మీద పడ్డాయి. కోటయ్య లేచి గోడ దగ్గర వైరు కొసలు వంగి చూశాడు. అవి దేనికీ తగిలి లేవు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. డెబ్బై దాకా వచ్చాక ఆరిపోయింది. వెంటనే గాజు ముట్టుకున్నాను. వేడిగా ఉంది.

తాయారమ్మ గారు బల్బు వంక చూడనే లేదు. మెట్టునే చూస్తున్నారు.

“కనపడింది నాయనా! చదువుకున్నోడి మాట ఊరికే పోద్దా? అన్నంత పనీ చేశావు,” అని నా గ్లాసులో మళ్ళీ మజ్జిగ పోశారు.

నేను తాగాను. గ్లాసు పక్కన పెట్టి లేచాను.

బయటికొచ్చాక కోటయ్య గొంతు తగ్గించి అన్నాడు: “లైను ఇంకా రెండు చివర్లా కలపలేదండి. సబ్‌స్టేషనుకు గోడలే లేవలేదు.”

మరుసటేడు ఆ రోడ్డు పక్క ఇళ్ళకు చిన్న స్తంభాలు వేస్తామని దరఖాస్తులు తీసుకున్నారు. “నాకు ఎప్పుడో వచ్చిందిగా, ఆఫీసోళ్ళు ఇంకా పూర్తిగా వదల్లేదంతే” అని ఆవిడ పెట్టలేదట. ఎవరో మా కొట్లో నవ్వుతూ చెప్పారు. నేను తల వంచుకుని గుడ్డ కొలుస్తూ ఉండిపోయాను. సబ్‌స్టేషను పూర్తయింది. పెద్ద లైనులో కరెంటు వదిలారు. తిరువూరులో దీపాలు తెల్లగా వెలిగాయి. ఆ వసారాలో మాత్రం మళ్ళీ వెలగలేదు. పొద్దు గుంకాక ఆవిడ లాంతరు ముట్టించకుండా చాలాసేపు బల్బు కింద కూర్చుంటున్నారని ఆ దారిన వచ్చేవాళ్ళు చెప్పేవారు.

మూడో ఏడు వానల్లో ఆవిడ పోయారు. పాము కాదు, జ్వరం. ఆ మాట విని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. అది దాచను.

తర్వాత ఆ అధ్యాయం లెక్కలతో సహా చదివాను. బెజవాడలో ఒక ఇంజనీరును అడిగాను. పెద్ద లైను కింద ట్యూబులైటు మసకగా వెలగడం ఉందట గానీ, మామూలు తీగ బల్బు అలా వెలగదట. కరెంటే లేని లైను కింద అసలు ఏదీ వెలగదట. నేను కథ చెబుతున్నాననుకుని ఆయన మర్యాదగా మాట మార్చాడు.

ఆ వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. అది రాకపోయి ఉంటే ఆ సాయంత్రం నిజం చెప్పేసేవాణ్ణని అనుకుంటూ ఉంటాను. అది కూడా గట్టిగా చెప్పలేను.