ఇరవై గళ్ల తర్వాత

దయ్యాలు కనిపించాయని చెప్పేవాళ్లను నేను చిన్నప్పటి నుంచీ ఎగతాళి చేసేదాన్ని. నాకు మనుషులే కనిపించరు, ఇంక దయ్యాలెక్కడ కనిపిస్తాయి? పుట్టు గుడ్డిని. చీకటంటే భయం అని ఎవరైనా అంటే ఆ భయం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. అలాంటి దాన్ని ఇది రాస్తున్నానంటే, కొన్ని నెలలు ఆగి, అన్ని విధాలా ఆలోచించుకున్నాకే రాస్తున్నాను.

నా పేరు గంగ. తిరుపతిలో ఒక బ్యాంకులో గుమాస్తాను. కొర్లగుంటలో మేడ మీద ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటాను. నా కంప్యూటర్ మాట్లాడుతుంది. తెర మీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే గొంతు, గదికొచ్చాక కూడా అదే గొంతు. ఆదివారాల్లో రోజంతా నాతో మాట్లాడింది ఆ మిషనొక్కటే అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

చదువుకునే రోజుల్లో అంధుల హాస్టల్లో నా పక్క మంచం జరీనాది. చిత్తూరు అమ్మాయి. మేమిద్దరం స్లేటు మీద బ్రెయిలీ రాయడం ఒకే రోజు మొదలుపెట్టాం. స్లేటు సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. కాగితాన్ని స్లేటులో బిగించి, వెనక నుంచి స్టైలస్ అనే సూదిమొన కడ్డీతో చుక్కలు పొడుస్తాం. కుడి నుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతాం. అందుకని రాసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ అద్దంలో లాగా తిరగేసి పొడవాలి. ఏమరుపాటుగా ఉంటే జ కాస్తా హ అవుతుంది. ఏత్వం గుడి అవుతుంది. దీన్ని మేం అద్దం తప్పు అనేవాళ్లం.

జరీనా మొదటి రోజే తన పేరు 'హరీనా' అని రాసింది. మా సారు వేళ్లతో చదివి, తిరుపతికి రాగానే హరిభక్తురాలివి అయిపోయావే అని ఒకటే నవ్వు. ఆమె ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "పోనీలే సార్, ఈ ఊర్లో ఈ పేరు సెప్తే క్యూ లేకుండా పంపిస్తారేమో సూద్దాం" అన్నది. అప్పటి నుంచి సంతకం హరీనాగానే ఉంచేసుకుంది. ఏత్వం తప్పు మాత్రం కావాలని చేసేది కాదు. ఎన్నేళ్లయినా ఆమె చేతిని అది వదల్లేదు.

చదువులయ్యాక ఆమె చిత్తూరు వెళ్లిపోయింది. నెలకో ఉత్తరం రాసేది. అంధుల ఉత్తరాలకు స్టాంపు అక్కర్లేదు కాబట్టి మందపాటి కాగితాల మీద పేజీలు పేజీలు పంపేది. మొదట్లో నేనూ రాశాను. తర్వాత కంప్యూటర్ వచ్చింది, మాట్లాడే ఫోన్ వచ్చింది, వేళ్లతో చదవడం మానేశాను. చెవులు చాలనుకున్నాను. ఆమె ఉత్తరాలకు జవాబుగా ఫోన్లో వాయిస్ పంపేదాన్ని.

పోయిన ఏడాది ఒక రోజు ఫోన్ చేసింది. నేను చెప్పిన ప్రతి మాటకూ "ఏమంటివి మే? గెట్టిగా సెప్పు" అంటుంది. చెవుల్లో ఏదో హోరుగా ఉందన్నది. నేను ఆఫీసు చికాకులో ఉన్నాను. అదంతా ఉత్తరాలు రాయించుకోవడానికి సాకు అనుకున్నాను. "చుక్కల ఉత్తరాలు ఇంక పంపొద్దు జరీనా, నాకు చదివే ఓపిక లేదు" అని అరిచాను. ఆ మాట మాత్రం ఆమెకు బాగా వినిపించినట్టుంది. "సరే మే" అని పెట్టేసింది.

అయినా వారం తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. తీరిక చూసుకుని చదువుదామని విప్పకుండా పక్కన పెట్టాను. పెట్టి మరిచిపోయాను. ఇంకెప్పుడూ రాలేదు.

నాలుగు నెలలకు జరీనా జ్వరంతో పోయింది. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. తర్వాత ఆమె తమ్ముడు బాషా ఒక పెట్టె తీసుకుని నా గదికి వచ్చాడు. అందులో బ్రెయిలీ డిస్‌ప్లే ఉంది. కంప్యూటర్‌కు తగిలిస్తే తెర మీద ఉన్న అక్షరాలు చిన్న చిన్న పిన్నులుగా వేళ్ల కింద పైకి లేస్తాయి. ఒకేసారి ఇరవై గళ్లు, గడికో గుర్తు. అవి చదివాక పక్కనున్న మీట నొక్కితే తర్వాతి ఇరవై వస్తాయి.

"ఇది నీకే ఇయ్యమనింది అక్కా. వేరే ఎవురికీ ఇయ్యొద్దనింది" అన్నాడు బాషా.

దీంతో జరీనాకేం పని అని అడిగాను. అతను ఆశ్చర్యపోయాడు.

"నీకు తెల్దా? ఆమెకు పోయే ముందు సెవులు పూర్తిగా పోయినాయి. నువ్వు పంపిన వాయిసులు పెట్టమని, ఫోన్ని సెంపకు ఆనించుకోని కూర్చునేది. ఏం ఇనపడతాదక్కా అంటే, గంగ మాట్లాడతాంటే అదురు తెలస్తాది అనేది."

అతను వెళ్లాక నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కళ్లు లేని మనిషికి చెవులు కూడా పోతే ఇక మిగిలేవి వేళ్లే. వేళ్లతో ఆమె నా దగ్గరికి వస్తుంటే నేనే తలుపు వేశాను. ఏడ్చాను. ఏడిస్తే ఏం లాభం?

డిస్‌ప్లేను రెండు వారాలు ముట్టుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, మూడు గంటలప్పుడు, పెట్టెలోంచి తీసి ల్యాప్‌టాప్‌కు తగిలించాను. మే నెల, కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. కింద రోడ్డు మీద ఆటోవాళ్లు కొండకు వెళ్లే వాళ్లను పిలుస్తున్నారు. నాలుగు అక్షరాలు టైపు చేసి వేళ్లకు మళ్లీ అలవాటు చేద్దామని కొత్త పేజీ తెరిచాను. ఇంకా ఏమీ టైపు చేయలేదు. కంప్యూటర్ "ఖాళీ" అన్నది.

వేళ్ల కింద పిన్నులు లేచాయి.

ఏదో పాత ఫైలు తెరుచుకుందనుకున్నాను. బాణం మీట నొక్కాను. మళ్లీ "ఖాళీ" అన్నది. పిన్నులు అలాగే ఉన్నాయి. చదవడం మరిచిన దాన్ని కదా, కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. గ, సున్నా, గా. నా పేరు. తర్వాత 'నాకు'. తర్వాత 'కోపం'. చివరి మాట రెండుసార్లు తడిమాను. 'లిదు' అని ఉంది.

గంగా, నాకు కోపం లిదు.

అద్దం తప్పు అది. కంప్యూటర్లు తప్పులు చేస్తాయి కానీ ఆ తప్పు చేయవు. కీబోర్డు మీద కొట్టినా రాదు. స్లేటులో కాగితం బిగించి, వెనక నుంచి పొడిచే చెయ్యి మాత్రమే ఆ తప్పు చేస్తుంది.

చేతులు వెనక్కి లాక్కుని, వైరు పట్టి ఒక్క గుంజు గుంజాను. పిన్నులన్నీ పడిపోయాయి. ఆ గుంజుడుకు టేబుల్ ఊగింది. దానికి ఒక కాలు పొట్టి, కింద ఏదో అట్ట పెట్టి ఉంచాను. అది జారిపోయినట్టుందని వంగి వెతికాను.

చేతికి తగిలింది అట్ట కాదు. కవరు. అంచున చుక్కలు తగిలాయి. జరీనా చివరి ఉత్తరం. టేబుల్ ఊగుతోందని ఎప్పుడో నేనే చేతికందింది తీసి కాలి కింద దోపాను. అంటించిన కవరు అంటించినట్టే ఉంది.

చింపి చదివాను. చదవడానికేముంది, నాలుగు మడతల్లోనూ చుక్కలు టేబుల్ కాలి కింద నలిగి సాపు అయిపోయాయి. అంచుల్లో మాత్రం కొన్ని చుక్కలు బతికాయి. ఒకచోట 'చెవి', ఇంకోచోట 'బాషా', అట్టడుగున 'హరీనా'. మొదటి వరస మొదట్లో 'గంగా, నాకు కోపం లి' అన్నంత వరకు తెలుస్తోంది. అక్కడి నుంచి కాలి అచ్చు మొదలైంది.

మర్నాడు మా పాత సారు దగ్గరికి ఆ కాగితం తీసుకుపోయాను. ఆయన గంటసేపు తడిమి, ఇందులో ఇంక ఏం లేదమ్మా అన్నారు. డిస్‌ప్లే తెలిసిన మెకానిక్‌ను అడిగాను. దానికి సొంత జ్ఞాపకం లేదు, కంప్యూటర్ పంపితేనే చూపిస్తుంది, కంప్యూటర్ పంపి ఉంటే గొంతు కూడా చదివి ఉండేది అన్నాడు. తుప్పు పట్టిన నా వేళ్లు పొరబడ్డాయేమో అని కూడా అనుకున్నాను. మరి విప్పని కవరులో ఉన్న మాట వాటికెలా తెలిసింది?

నన్ను తినేస్తున్నది అది కాదు. ఆ వాక్యాన్ని తర్వాత లెక్కపెట్టి చూశాను. బ్రెయిలీలో గుణింతాలకూ సున్నాలకూ విడి గళ్లు కదా, వాటితో, కామాతో, ఖాళీలతో కలిపి సరిగ్గా ఇరవై గళ్లు. డిస్‌ప్లే నిండిపోయింది. ఆమె ఫుల్‌స్టాప్ పెట్టి ముగించి ఉంటే అది ఇరవై ఒకటో గడిలో ఉంటుంది. ముగించకపోతే? తెలుగులో మాట చివరిదాకా వింటేనే కదా అర్థం తేలేది. 'గంగా, నాకు కోపం లేదు' తర్వాత 'అనుకోవద్దు' అని ఉంటే?

మీట నా బొటనవేలి పక్కనే ఉంది. నేను నొక్కలేదు. వైరు గుంజాను.

ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి వచ్చాక డిస్‌ప్లే తగిలించి, కొత్త పేజీ తెరుస్తాను. ఇరవై గళ్ల మీద వేళ్లు ఆనించి కూర్చుంటాను. ఏమీ లేవదు. అయినా మీట నొక్కుతాను.

"ఖాళీ" అంటుంది కంప్యూటర్.