ఆళ్లగడ్డ యోహాను అరచేయి

నంద్యాల జిల్లా అయిన ఏడాది, అంటే 2022లో, నేను ఇంకా మిద్దె మీది గదిలో గిటారు నేర్పుతున్నాను. పిల్లలూ, నా మనవలైనా మీరు ఆ గది చూడలేదు, మీ నాయనకు బాగా తెలుసు. ఒక చెక్క బల్ల, మూడు ఇనుప కుర్చీలు, గోడకు రెండు పాత గిటార్లు. కిటికీ తెరిస్తే బియ్యం మిల్లు చప్పుడు, తవుడు వాసన. మిల్లు ఆడుతున్నంతసేపు అందరూ బాగా వాయిస్తున్నట్టే ఉండేది. కరెంటు పోయి మిల్లు ఆగితే ఎవరి తీగ తప్పు మోగుతోందో బయటపడేది. ఇప్పుడు నా వేళ్ల కీళ్లు సహకరించక ఆ గదికి తాళం వేశాం. మొన్న ఫోన్లో మీలో చిన్నోడు, "జేజీ, నీ దగ్గర నేర్చుకున్నోళ్లలో నీకు బాగా గుర్తుండేదెవరు?" అని అడిగాడు. అప్పుడు ఏదో చెప్పి దాటేశాను కానీ, నాకు గుర్తొచ్చింది యోహానే.

యోహాను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మనిషి. అప్పటికే యాభై దాటాయి. దుప్పట్లో చుట్టిన గిటారు ఒళ్లో పెట్టుకుని బస్సులో నంద్యాలకు వచ్చాడు. వెంట కూతురు రూతు, డిగ్రీ చదివే పిల్ల.

"ఏం నేర్చుకుంటావప్పా?" అన్నాను.

"వాయించేది వచ్చు టీచరమ్మా. ఆపేదే రాదు."

"ఆపమన్నా ఇనపడదు ఆయనకు," అంది రూతు నవ్వుతూ.

అది నిజమే. ఏళ్ల తరబడి రాయి కోసే మిషన్ పక్కన పనిచేసి, సన్నటి శబ్దాలు ఆయన చెవికి అందడం మానేశాయి. గిటారులో లావు తీగలు వినిపిస్తాయి, సన్నవి వినిపించవు. వేళ్లు ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు మారినా, ముందటి తీగలు మోగుతూనే ఉంటాయి. అది పాడేవాళ్లకు నరకం, ఆయనకు మాత్రం తెలియదు. ఎన్నో ఏళ్లు చర్చి మందిరంలో పాటలకు వాయించిన మనిషిని, గిటారు ఇంట్లో పెట్టి రమ్మని పెద్దలు మెల్లగా చెప్పేశారు. ఆ ఏడు, పంట తెచ్చి మందిరంలో పెట్టే కోత పండగకు రూతు మొదటిసారి ఒంటరిగా పాడబోతోంది. కూతురి పక్కన తానే వాయించాలని ఆయన ఆశ. పిల్లేమో అప్పటికే మందిరంలో కీబోర్డు వాయించే అతనితో మాట్లాడుకుంది.

"నువ్వు ముందర వరసలో కూచోని ఇను నాయనా. అది చాలు నాకు."

"ఇనేదానికి చెవులేవి పాపా?" అన్నాడు ఆయన. తర్వాత నా వైపు తిరిగి, "పండగ లోపల కుదర్లేదంటే దీన్ని ఎవురికన్నా ఇచ్చేస్తా టీచరమ్మా. ఇంట్లో ఊరికే చూస్తా కూచోలేను," అన్నాడు.

మొదట పిక్ పట్టించాను. పిక్ అంటే తీగను మీటే చిన్న ప్లాస్టిక్ రేకు. దాన్ని ఆయన సుత్తి పట్టినట్టు పిడికిట్లో బిగించాడు. రాతి మీద సుత్తి కిందికే పడుతుంది గదా, చెయ్యి కిందికి కొట్టడమే ఎరుగును, పైకి వస్తూ మీటడం ఎరగదు. ఒకటి కిందికి, ఒకటి పైకి మీటడాన్ని అల్టర్నేట్ పికింగ్ అంటాం. దానికే చాలా వారాలు పట్టింది. ఇంకో తమాషా, నాలుగు దెబ్బలు మీటగానే వంగి తీగల మీద ఉఫ్‌మని ఊదేవాడు.

"దుమ్ము లేదు నాయనా ఆడ," అని రూతు కడుపు పట్టుకుని నవ్వేది. ఆయనా నవ్వేవాడు, మళ్లీ ఊదేవాడు.

అసలు కష్టం మ్యూటింగ్ దగ్గర వచ్చింది. అక్కర్లేని తీగ మోగకుండా ఆపడాన్ని మ్యూటింగ్ అంటారు. ఎడమచేత్తో చేసేది ఒక పద్ధతి. తీగను నొక్కిన వేలును కొంచెం పక్కకు వాల్చితే, అది కింది తీగను తాకి దాన్ని ఆపుతుంది. తాకినట్టు వేలికి తెలియాలి. ఉలి పట్టిపట్టి ఆయన వేళ్ల కొనలు కాయలు కాచి మొద్దుబారి ఉన్నాయి.

"తగుల్తాందా అప్పా?"

"ఏమో టీచరమ్మా. తగిలిందంటే తగిలింది, లేదంటే లేదు."

చెవి లేదు, వేలూ లేదు. ఇంకేం దారి ఉందో నాకు తోచలేదు.

తర్వాతి వారం గిటారు తియ్యనివ్వలేదు, చేతుల్లో తాకిడి తెలిసే చోటు ఎక్కడైనా మిగిలిందేమో చూద్దామనుకున్నాను. రెండు చేతులూ బల్ల మీద పెట్టి, మొహం అటు తిప్పుకోమన్నాను. పిక్ అంచుతో ఒక్కోచోట మెల్లగా ముట్టుకుంటూ పోయాను. ఎడమచేతిలో ఎక్కడ తాకినా పలకలేదు. కుడిచేతిలో సుత్తి పట్టే చోటంతా గట్టి తోలు. చిటికెనవేలి కింద, అరచేయి అంచుకు వచ్చేసరికి వెంటనే అన్నాడు, "ఈడ తగిల్నావు."

అదే చోటు మళ్లీ తాకి చూశాను. "ఆ, ఈడే. చక్కిలిగిలి పెడ్తాండావేంది?"

పిల్లలూ, పామ్ మ్యూటింగ్ అని ఒకటుంది. గిటారు పొట్ట మీద తీగలు వచ్చి ఆగే చెక్కను బ్రిడ్జి అంటారు. కుడి అరచేయి అంచును సరిగ్గా ఆ బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి మీటితే, శబ్దం సాగకుండా మెత్తగా, పొట్టిగా పలుకుతుంది. ఆ రెండు చేతుల్లో రాయి వదిలిపెట్టిన చోటు అదొక్కటే. మాకు కావలసిందీ అదే.

మొదట్లో మరీ అదిమేవాడు, బస్తాను తన్నినట్టు దబ్‌మనేది. కొంచెం లేపితే అన్నీ కలిసి మోగేవి. అందుకని ఒక ఆట పెట్టాను. ఆయన గోడ వైపు తిరిగి అరచేయి తీగల మీద ఆనిస్తే, రూతు ఏదో ఒక తీగ మీటాలి. ఏది అదురుతోందో ఆయన చెప్పాలి.

"యాది మోగుతాంది నాయనా?"

"సన్నది. అడుగుది."

మొదట అన్నీ తప్పులే. పోనుపోను కుదురుకుంది. ఒకరోజు వరసగా అన్నీ సరిగ్గా చెప్పేసరికి, ఆ పిల్ల ఏ తీగా మీటకుండా అడిగింది, "ఇప్పుడు యాది?"

ఆయన అరచేయి ఇంకొంచెం ఆనించి చూసి, "ఏదీ లేదు. నన్ను ఆట పట్టిస్తాండావ్," అన్నాడు.

రూతు నవ్వలేదు. తండ్రి వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. కీబోర్డు అతన్ని మాత్రం వద్దని చెప్పలేదు.

పండగకు నేనూ ఆళ్లగడ్డ పోయాను. మందిరం నిండా వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు. కీబోర్డు అతను వైర్లన్నీ తగిలించుకుని సిద్ధంగా ఉన్నాడు. యోహాను ముందు వరసలో గిటారు ఒళ్లో పెట్టుకుని, వాయించాలో వద్దో తెలియనట్టు కూర్చున్నాడు. రూతు మైకు దగ్గరికి వెళ్లి, "అన్నా, ఈ పాటకు నువ్వొద్దులే. నాయన వాయిస్తాడు," అంది.

"ఇంగ ఇనుకోండప్పా, రాయి మిషన్ వచ్చె," అన్నారెవరో వెనక నుంచి. యోహానుకు అది వినిపించలేదు. ఆ రోజు ఆ చెవుడే మంచిదైంది.

లేచి వెళ్లి కూతురి పక్కన నిలబడ్డాడు. అరచేయి బ్రిడ్జి మీద ఆనించి, పిల్ల గొంతు కింద మెత్తగా అడుగులు వేసినట్టు వాయించాడు. రెండు చరణాలు సాఫీగా నడిచాయి. మూడో చరణంలో రూతు గొంతు పూడుకుపోయింది. భయమో, దుఃఖమో, మాట రాలేదు. గొంతు ఆగినట్టు ఆయనకు వినిపించి ఉండదు. మొహం చూశాడు. చూసి అరచేయి మొత్తం తీగల మీద పరిచాడు. ఒక్క తీగా మోగలేదు. మందిరంలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన తొందరపడలేదు, కూతురి మొహం మీది నుంచి కళ్లు తియ్యలేదు. ఆ పిల్ల ఊపిరి తీసుకుని, ఏ ఆసరా లేకుండా ఒక్కతే పాట ఎత్తుకుంది. సగం దూరం పోయాక గిటారు కింద నుంచి వచ్చి కలిసింది.

అయ్యాక పెద్దాయన ఒకరు యోహాను చెవి దగ్గరికి వంగి గట్టిగా అన్నాడు, "వచ్చే ఆదివారం గిటారు ఎత్తుకోని రా."

బయట చెప్పుల దగ్గర రూతు, "కడాకు సన్న తీగ ఒకసారి మోగింది నాయనా," అంది.

"మోగనీలే పాపా," అన్నాడు.

ఆ తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా మొదటిరోజు గిటారు ఇవ్వలేదు. ఏం పని చేస్తారో అడిగి, చేతులు బల్ల మీద పెట్టించి చూసేదాన్ని. ఒక దర్జీ బొటనవేలు, ఒక నర్సమ్మ మణికట్టు, ప్రతి చేతిలోనూ నేర్చుకునే చోటు వేరుగా ఉండేది. అది వెతికి పట్టుకోవడమే నా పని అని యోహానుతోనే తెలిసింది. మీ చేతులు నేను ఫోన్లో తప్ప చూడలేదు. మీరు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ గది తాళం తీయిస్తాను.