వాపసు ఎల్లిగడ్డలు

“ఏం గడ్డలు తెచ్చినవే కురుమమ్మా? కాడ పట్టుకుంటే వంగుతున్నది. ఇది ఎల్లిగడ్డనా, ఉల్లాకా?”

అది మా ఇంటి యజమానురాలు విద్యావతమ్మ గారి గొంతు. చిక్కడపల్లిలో మా వీధికి ఆ గొంతుతోనే తెల్లవారేది. లోకంలో అందరూ వెల్లుల్లి కొని తింటారు. ఆవిడ మాత్రం కొని, ఆరు నెలలు దాచి, బాగాలేవని తిట్టి, కొన్నచోటే వాపసు ఇస్తారు. ఏటా ఇంతే.

ఈ ఖ్యాతి నారాయణగూడ మార్కెట్ దాకా పాకింది. ఆవిడ సంచీ మలుపు తిరగగానే అక్కడివాళ్ళు గంపల మీద గోనెలు కప్పేవారు. ఇక మిగిలింది కురుమమ్మ ఒక్కతే. మగదిక్కు లేని మనిషి. ముషీరాబాద్ అవతల నాలుగు మడులు కౌలుకు చేసేది. పశువుల ఎరువు తప్ప ఫ్యాక్టరీ మందు ఎరగని పంట. నడుమ పుల్లలాంటి గట్టి కాడ, దాని చుట్టూ ఆరేడు లావుపాటి రెబ్బలు.

విద్యావతమ్మ గారు వైద్యుడు నాడి చూసినట్టు ఒక్కొక్క కాడా పట్టి చూసేవారు. గంపలో అన్నిటికంటే పెద్దవి ఏరి, వాటినే ఎక్కువ తిట్టి కొనేవారు. పెద్దవి విత్తనానికి ఉంచమ్మా అని కురుమమ్మ గొణిగినా వినేవారు కాదు.

కొన్నాక వాటికి నీటిచుక్క తగలకూడదు. డబ్బాలో పెడితే చెమట పడతాయట, ఎండలో పెడితే వడిలిపోతాయట. కాడలతో సహా కట్టలు కట్టి, గాలి ఆడేలా వసారా దూలానికి వేలాడదీసేవారు. ఒకసారి జోరువానలో టెలిగ్రాం తెచ్చిన మనిషిని, తడి బట్టలతో కట్టల కిందికి రావద్దని గేటు దగ్గరే ఆపేశారు. టెలిగ్రాం ముద్దయింది. బంధువుల్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో తేలడానికి రెండు రోజులు పట్టింది. వెల్లుల్లి మాత్రం పొడిగా ఉంది.

అరవైతొమ్మిది వేసవిలో ఆందోళనల మూలంగా మా ఆఫీసు తెరిచిన రోజులు తక్కువ. ఈ వైభోగమంతా కూర్చుని చూసే తీరిక నాకు దొరికింది. ఆవకాయ రోజుల్లో మా ఆవిడ కమలాకుమారి నాలుగు గడ్డలు అడిగింది. దూలానికి పది కట్టలు ఊగుతున్నా విద్యావతమ్మ గారు ఒక్క రెబ్బ ఇవ్వలేదు. మా ఆవిడ నెల రోజులు ముఖం తిప్పుకుంది.

దసరా వెళ్ళాక విద్యావతమ్మ గారు మెట్టు జారారు, కాలు బెణికింది. వాపసు యాత్రకు నన్ను పిలిచారు. కట్టలు దింపుతూ చూశాను. ఒక్కటీ కుళ్ళలేదు, మొలకెత్తలేదు. రాళ్ళలా ఉన్నాయి.

“ఇవి బాగానే ఉన్నాయి కదండీ?”

ఆవిడ వీధి వైపు చూసి గొంతు తగ్గించారు. ఆ గొంతుకు తగ్గడం కూడా వచ్చునని నాకు అప్పుడే తెలిసింది.

కురుమమ్మ ఇంట్లో విత్తనం నిలవదట. వానాకాలంలో తిండిగింజలు అయిపోగానే దాచిన గడ్డలు అమ్ముకుంటుంది. అలా ఒక సంవత్సరం మడులు బీడు పెట్టింది. మళ్ళీ బీడు పెడితే వేరేవాళ్ళకిస్తానని ఆ మడుల యజమాని ఖరాఖండిగా చెప్పాడు. ఎల్లుండి ఆయన చూడవస్తున్నాడు. ఊరికే ఇస్తే కురుమమ్మ తీసుకోదు. ఒకసారి ఇవ్వబోతే నెల రోజులు ఈ వీధి తొక్కలేదు.

“అందుకే మంచియన్నీ నేనే గుంజుకుంట. నా దూలానికుంటే ఆమె అమ్ముకోలేదు. నాటే దినాలల్ల ఖరాబున్నయని తిట్టి వాపసిస్త. పైసలొద్దు, వచ్చే ఏడు మంచియి పండించి తే అంట. ఆ కోపం మీద పోయి నాటుతది.”

“ఆమెకు తెలియదంటారా?”

“పదేండ్ల సంది తెల్వనట్లే ఉన్నది. నేను గూడ గట్లనే ఉన్న.”

కిటికీలో నుంచి అంతా విన్న మా ఆవిడ వచ్చి గంప అడుగున తన పాత చీర మెత్తగా పరిచింది.

గంప ఎత్తుకుని గేటు దాటుతుంటే విద్యావతమ్మ గారు మళ్ళీ పిలిచారు.

“శ్రీరామమూర్తీ, నువ్వు మెత్తటి మనిషివి. నవ్వుకుంట ఇస్తే ఆమెకు అనుమానమొస్తది, ముట్టదు. మొకం గంటు పెట్టుకొని, రెండు మాటలు గట్టిగ తిట్టి ఇయ్యి. తిట్టుడు రాకుంటే, జర గీడ కూసొని నన్ను తిట్టి, ప్రాక్టీస్ చేసుకొని పో.”