చాటలో చెల్లెలు

నా చిన్నప్పుడు మా ఇళ్ళలో పురిటి పిల్లను చూసి ఎవరూ బాగుంది అనేవాళ్ళు కాదు. చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు మూతి ముడిచి, "గిదేం పిల్లే, కాకిపిల్ల లెక్కుంది" అని వెళ్ళిపోయేవాళ్ళు. ఎంత చక్కని పిల్లకు అంత చెడ్డ మాట. పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో అయితే మాటలతో ఆగేది కాదు. పిల్లను చాటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టేవాళ్ళు. ఇది మాకొద్దు, పారేశాం అని దేవుడికీ దయ్యానికీ, ఎవరి కన్ను పడుతుందో వాళ్ళకూ తెలియాలి. అప్పుడు వేరే ఇంటి మనిషి వచ్చి ఎత్తుకునేది. ఎత్తుకున్నదానిదే పిల్ల. ఆమెకు తల్లి సోలెడు తౌడిచ్చి కొనుక్కునేది. ఆ తర్వాత అది కన్న పిల్ల కాదు, కొన్న పిల్ల. కన్న పిల్లలను తీసుకుపోయే చావు కొన్న పిల్లల జోలికి రాదని నమ్మకం. మా వైపు అంత మంది పెంటయ్యలు, పెంటమ్మలు ఉండడం అందుకే.

మొన్న నా మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది. వియత్నాం అనే దేశంలో కూడా ఇలాంటివి ఉన్నాయట. పసిపిల్లను ముద్దుగా ఉందంటే కీడని, కావాలని వికారమైన పేర్లు పెట్టి పిలిచేవాళ్ళట. నిలవదేమో అనిపించిన పిల్లను గుడికి అమ్మినట్టు చేసి, పెద్దయ్యాక మళ్ళీ తెచ్చుకునేవాళ్ళట. ఆ దేశం ఏ దిక్కున ఉందో నాకు తెలియదు. కానీ అది విన్నప్పటి నుంచి ఒక చోట కూర్చోబుద్ధి కావడం లేదు. అక్కడ కూడా నాలాంటి తెలివితక్కువ పిల్ల ఒకతి ఉండి, మధ్యలో దూరి అంతా చెడగొట్టి ఉంటుందా అనుకుంటూ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. జరిగింది జరిగినట్టు రాయడమే నాకు వచ్చు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయి. తాండూరు అవతల, సంతలో తెలుగు ఎంత వినిపిస్తే కన్నడం అంత వినిపించే ఊరు మాది. గొర్రెలు కాసే ఇల్లు. ఆ ఎండాకాలం మా నాయన మందను తోలుకుని అనంతగిరి వైపు పోయాడు. ఇంట్లో మా నాయనమ్మ, నిండు నెలలతో మా అమ్మ, నేను. నా తర్వాత మా అమ్మకు ఇద్దరు పుట్టి, ఇద్దరూ నెల తిరగకుండానే పోయారు. రెండోవాడు పోయాక ఆమెకు మాట తగ్గిపోయింది. మూడోసారి కడుపుతో ఉన్నన్ని నెలలూ ఆమె తన పొట్ట మీద చెయ్యి వేసుకోగా నేను చూడలేదు. నా వైపూ సరిగా చూసేది కాదు. నేను తిన్నానా లేదా అనేది కూడా నాయనమ్మే అడిగేది.

ఒకరోజు పొద్దు పొడిచే వేళకు చెల్లెలు పుట్టింది. కాన్పు చేసింది ఊరి చివరి వాడలో ఉండే మంత్రసాని. ఊరంతా ఆమెను అవ్వ అనేవాళ్ళు. కాన్పుల అప్పుడు తప్ప ఆమె మా గడప దాటేది కాదు. దాటనిచ్చేవాళ్ళం కాదు అని రాస్తే నిజం.

చెల్లెలిని నాయనమ్మ పెంటకుప్ప మీద పెట్టాలని, అవ్వ చేతులు కడుక్కుని వచ్చి ఎత్తుకోవాలని ముందే అనుకున్నారు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. పిల్లలకు చెప్పే అలవాటు అప్పుడు లేదు. నేను దొడ్డి గోడ మీద కూర్చుని చూస్తున్నాను. నాయనమ్మ చాటలో పాత గుడ్డ పరిచి, చెల్లెలిని తెచ్చి పెంటకుప్ప మీద పెట్టి, "పో, నువ్ మాకద్దు" అని వెనక్కి చూడకుండా లోపలికి పోయింది. అవ్వ ఇంకా బాయి దగ్గరే ఉంది. రెండు చెంబుల నీళ్ళు పోసుకునేంత సేపు. అంతలో ఒక కుక్క వాసన చూస్తూ వచ్చింది. నేను గోడ దూకి చెల్లెలిని ఎత్తుకుని, నేరుగా మా అమ్మ దగ్గరికి ఉరికాను.

"అమ్మా, నాయనమ్మ పారేసొచ్చింది. నేను తెచ్చిన" అన్నాను. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. మా అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నాయనమ్మ నెత్తి కొట్టుకుంది.

"నీ చేతులు పడిపోను. నిన్నెవలు ఎత్తుమన్నరే?"

ఇంటి పిల్లే ఇంటికి తెచ్చేసింది. పారేసినట్టూ కాలేదు, కొన్నట్టూ కాలేదు. మళ్ళీ పెంట మీద పెడదామంటే, ఒకసారి గడప లోపలికి తిరిగొచ్చిన పిల్లను బయట వేస్తే నిజంగా పారేసినట్టే అవుతుందని నాయనమ్మ భయం. రేపు అయ్యగారిని అడిగి ఇంకో మంచి రోజు చూద్దామంది. మా అమ్మ మాత్రం కొననిదే పాలివ్వనంది. "నాదనుకుంటే పోతది" అంది. ఆ ఒక్క మాటే.

చెల్లెలు ముందు గట్టిగా ఏడ్చింది. తర్వాత పిల్లికూన లాగా ఏడ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి తలా ఒక మాట చెప్పారు. వాళ్ళ మాటల్లో దేనితోనూ మా అమ్మ ఇటు తిరగలేదు. నాకు కాళ్ళు నిలవలేదు. లోపలికి పోతే నాయనమ్మ తిడుతుంది, బయటికి వస్తే ఏడుపు వినిపిస్తుంది. ఎండ గడప దాకా వచ్చింది. ఏడుపు ఇంకా సన్నబడింది. ఈ పిల్ల చచ్చిపోతే చంపింది నేనే అని నాకు తెలిసిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత బరువు ఉండకూడదు, కానీ ఉంది.

అప్పటి దాకా వాకిట్లో కూర్చుని పొగాకు నములుతున్న అవ్వ లేచి వచ్చి, నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. సంతలో గొర్రెను చూసినట్టు చూసింది.

"గీ పెద్దది ఎవలి పిల్ల?" అంది.

"గదేం మాట, మా పిల్లనే గద" అంది నాయనమ్మ.

"నీకు యాది లేదక్కా. దీని కాన్పు నేనే చేసిన. దీన్ని గుడ పెంట మీదనే ఏస్తే నేనెత్తిన. ఇయ్యాల్టి దాంక కొనలే మీరు. గిది నా పిల్ల. నా పిల్ల ఎత్తుకున్నది గాబట్టి చిన్నది గుడ నాదే."

అవ్వ చెల్లెలిని కొంగులో చుట్టుకుని, నా రెక్క పట్టుకుని బయటికి నడిచింది. మా వాకిలికి ఎదురుగా, వేపచెట్టు కింద కూర్చుంది. తన మూటలోంచి జొన్నరొట్టె ముక్క తీసి, అందరూ చూస్తుండగా నాకు పెట్టింది. నేను ఏడుస్తూనే తిన్నాను. ఇక ఇదే మా అమ్మ, ఇదే నా తిండి అనుకున్నాను. నాయనమ్మ తౌడు చాటతో ఎదురు వచ్చింది.

"నీ తౌడు నాకద్దక్కా. కన్నదే అడగాలె. జల్ది రమ్మను, నాకు పనున్నది."

పురిటి మనిషి మంచం దిగకూడదు. అయినా మా అమ్మ గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. ముఖం సున్నం లాగా ఉంది. అవ్వ ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

"పెద్దది తిండిపోతు. చెప్తే ఇనది. చిన్నది ఏడుపుగొట్టుది. రెంట్ల ఏదన్న ఒక్కటే అమ్ముత. ఏది గావాలె నీకు?"

నా నోట్లో రొట్టె అలాగే ఆగిపోయింది. చిన్నది ఆకలితో ఉంది, దాన్నే తీసుకుంటుంది. తీసుకోవాలి కూడా. చెడగొట్టింది నేనే కదా. మా అమ్మ చెల్లెలి వైపు చూడలేదు. ఎన్నో నెలల తర్వాత నా వైపు చూసింది, తేరిపార చూసింది.

"పెద్దదాన్ని ముందుగాల ఇయ్యి" అంది.

"చిన్నది?"

"అది గుడ. రెంటికి కలిపి సోలెడు. ఇంక పిడికెడు ఎక్కువియ్య."

"సోలెడుకు ఇద్దరు పిల్లలా? మేకపిల్ల గుడ రాదు."

"ఆ తిండిపోతును ఒక్కపూట సాకి సూడు. నువ్వే తౌడు ఎదురిచ్చి తోలుతవ్" అంది మా అమ్మ.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది. మా అమ్మ నవ్వలేదు, ఆమెకు నిజంగానే బేరం మీద పట్టుదల వచ్చింది. అవ్వ ఇంకా రెండు మాటలు లాగి, చివరికి సోలెడుకే ఒప్పుకుని, మమ్మల్నిద్దరినీ గడప దగ్గరికి తెచ్చింది. మా అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని నడుముకు ఆనించుకుంది. తర్వాత చెల్లెలిని అందుకుని, అక్కడే గడప లోపల కూలబడి రొమ్ము నోటికి పెట్టింది. చెల్లెలు మింగే చప్పుడు వినిపించే దాకా అవ్వ కదలలేదు.

ఆ రొట్టె తిన్నందుకు నాయనమ్మ నా చేత పసుపునీళ్ళు పుక్కిలింపజేసింది. అవ్వకు తౌడు గడప బయటే కొంగులో పోసింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గు.

పెళ్ళీడుకు వచ్చాక ఒకసారి అవ్వను అడిగాను, నన్ను నిజంగా పారేశారా అని. "నిన్నెందుకు పారేస్తరే, తొలుసూరు పిల్లవు. మీ అమ్మకు బేరం గావాల్నని పెట్టిన. బేరం చేసేటోళ్ళకు సావు యాదికి రాదు" అంది. "మీ అమ్మకు చెప్పకు" అని కూడా అంది. నేను చెప్పలేదు. మా అమ్మకు తెలుసో లేదో నాకు తెలియకుండానే ఆమె పోయింది.

చెల్లెలు పెంటమ్మ అయింది, పిల్లలను కంది, ఇప్పుడు తాండూరులో నా మీద అరుస్తూ బాగానే ఉంది. తౌడు వల్ల బతికిందని నేను అనను. పాలు తాగి బతికింది. ఆ పాలు రావాలంటే మా అమ్మ మంచం దిగాలి. ఆమెను మంచం దింపింది ఒక అబద్ధం. భయపడి గోడ వైపు తిరిగిన మనిషికి మంచిమాటలు ఎన్ని చెప్పినా ఎక్కవు. చేతికి ఏదైనా పని ఇవ్వాలి, నోటికి ఏదైనా తగువు ఇవ్వాలి.

మా వాళ్ళలో ఎవరికి కాన్పు అయినా, వికారాబాద్ ఆసుపత్రికైనా తాండూరు ఆసుపత్రికైనా నేను పోతాను. అందరూ పిల్ల చుట్టూ మూగుతారు. నేను తల్లి మంచం దగ్గరికి పోయి, జుట్టు ఎందుకు అలా ఉంది, కూర ఎందుకు మిగిల్చావు, ఆ దుప్పటేంది అని ఏదో ఒకటి అంటాను. ముసలిదానికి నోరు ఎక్కువని ఇంట్లో పేరు పడింది, పడనీ. ఆ బాలింత విసుక్కుని నాకు ఎదురు మాట చెప్పే దాకా నేను కుర్చీలో కూర్చోను. ఒక్కోసారి సాయంత్రం దాకా నిలబడే ఉంటాను.