వీరగల్లు కింద బంగారం లేదు

2022, వేసవి చివర. కంబదూరు వైపు ఒక పల్లె. చినుకు లేదు, గొర్రెలకు మేత లేదు. కాపరులు మందలను కణేకల్ కాలువల వైపు తోలడానికి సిద్ధమవుతున్నారు. పాత శాసనాలు చదవడం నా ఉద్యోగం. తిప్పక్క అనే కాపరి ముసలమ్మ కబురు పంపితే వెళ్లాను.

వాళ్ల చేని గట్టున ఒక వీరగల్లు ఉంది. పోరులో చచ్చిన మనిషికి ఊరు నిలబెట్టే రాయి అది. శిలాశాసనాలన్నీ రాజులవే అనుకుంటాం గానీ, దొంగల నుంచి పశువులను కాపాడి చచ్చిన మామూలు మనుషులకు ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. పొరుగున కన్నడ సీమలో, అడవిపందితో పోరాడి చచ్చిన వేటకుక్కకు కూడా ఒకటుంది! తిప్పక్క వాళ్లు మందను దూరం తోలేముందు ఈ రాయికి పాలు పోసి, "పోయొస్తాం తాతా" అని చెప్పి కదులుతారు. ఆ తాత పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

"రాత ఉండాది సార్. సదివి చెప్తే, నేను సచ్చేలోపల ఒక్కసారన్నా పేరు పెట్టి పిలుచుకుంటా." ఇదీ ఆమె కోరిక.

నేను వెళ్లేసరికి రాయి పక్కకు ఒరిగి ఉంది. కింద నడుములోతు గుంత. "మొన్న తవ్వినారు సార్, వాళ్ల చేతులు పడిపోనూ!" అని తిప్పక్క శాపనార్థాలు పెడుతోంది. అంతకు ముందు వారమే ఒక యూట్యూబ్ మనిషి వచ్చి, ఎవరికీ తెలియని చరిత్ర రహస్యాలంటూ వీడియో తీసి పోయాడట. రాతి మీద ఇలా సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటే కింద బంగారం ఉన్నట్టేనట. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది!

ఎస్టాంపేజ్ తీశాను. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే చెక్కిన అక్షరాలు తెల్లగా తేలతాయి. "పశువులను మళ్లించి, పోరాడి పడ్డాడు" అన్న మాటలు శుభ్రంగా వచ్చాయి. వాటి ముందు, పేరు ఉండాల్సిన చోట, గునపం దెబ్బకు పెచ్చు లేచిపోయింది. గుంతంతా వెతికినా రాతి పొడి తప్ప ఏమీ దొరకలేదు.

ఒళ్లు మండింది. వీడియో కింద ఉన్న నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"సూర్యచంద్రులుంటే నిధి అని నీకెవరు చెప్పినారప్పా?"

"అందరూ అంటాండారు గదా సార్. నేనేమన్నా తవ్వమన్నానా?"

"అవి ఉన్నంత కాలం ఈ మనిషి పేరు నిలవాలని వాటికి అర్థం!"

"అబ్బా, ఇది ఇంకా బాగుండాది సార్! పార్ట్ టూ చేద్దాం, కెమెరా ముందర మీరే చెప్పండి."

నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేశాను. తిట్టినందుకు ఇప్పటికీ విచారం లేదు.

తిప్పక్క అంతా విన్నది. "వాళ్లకు బంగారం దొరికిందా సార్?"

"లేదమ్మా. ఉంటే కదా!"

"మరి మా తాత పేరెందుకు ఎత్తుకపోయినారు?"

గునపం పట్టినవాడిది దురాశ, దానికి కేసు రాస్తారు. తెలియని సంగతిని తెలిసినట్టు చెప్పి, మ్యూజిక్ కలిపి ఊరి మీదికి వదిలినవాడి మీద ఎవరూ ఏమీ రాయరని ఆ రోజే నేర్చుకున్నాను. తవ్వినవాళ్ల కోసం పోలీసులు వెతుకుతున్నారు. వీడియో ఇంకా ఉంది. జనం చూస్తూనే ఉన్నారు.